మునిగిన వరికి ఏం తెలుసు?

*మెదడు లేదు, నరాలు లేవు. అయినా వరద వస్తే వరి మొక్క పసిగడుతుంది. ఆకులో దూరిన తెగులు క్రిమి తన బలగం ఎంతో లెక్క చూసుకుంటుంది. ఈ సంకేతాల కథలో మారుటేరు, బాపట్ల, హైదరాబాద్ పేర్లు గట్టిగా వినిపిస్తాయి.*

ఎర్రకాలువ పొంగిందంటే నిడదవోలు, తాడేపల్లిగూడెం వైపు పల్లపు చేలు ముందుగా మునుగుతాయి. ఊడ్చి మూడు వారాలు కూడా కాని పైరు. సాయంత్రం దాకా పచ్చగా కనిపించిన మడి తెల్లారేసరికి ఎర్రనీళ్ల కింద ఉంటుంది. గట్లు కనబడవు. కరెంటు స్తంభాలను బట్టి ఎవరి చేను ఎక్కడుందో పోల్చుకోవాలి. నీరు ఎప్పుడు లాగుతుందా అని రైతు రోడ్డు మీదే కాపు కాస్తాడు. రెండో రోజు, మూడో రోజు. అయిదో రోజున నీటిపైన అక్కడక్కడ ఆకు కొసలు తేలతాయి. 'పైకొచ్చింది, ఇక ఫర్వాలేదు' అని ప్రాణం లేచొస్తుంది.

నీరు లాగాక అసలు సంగతి బయటపడుతుంది. అలా పైకొచ్చిన పైరే ముందు పడిపోతుంది. సన్నగా సాగి, పాలిపోయిన కాడ తన బరువు తనే మోయలేక బురదలో పరుచుకుంటుంది. రైతు ఒక దుబ్బులోంచి మొవ్వాకు పట్టుకుని మెల్లగా లాగుతాడు. అది ఊడి చేతిలోకి వచ్చి, మొదలు దగ్గర కుళ్లు వాసన కొట్టిందంటే ఆ దుబ్బు పోయినట్టే. మళ్లీ నారు ఎక్కడ దొరుకుతుంది? కూలి డబ్బులు ఎవరిస్తారు? ఈలోగా అదను దాటిపోతే?

బతకాలని పైకి సాగిన మొక్కే ఎందుకు చచ్చిపోయింది? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి దశాబ్దాలు పట్టింది. దొరికిన జవాబు మాత్రం వరి వంగడాలు తయారుచేసేవాళ్ల పనినే మార్చేసింది.

రెండు కొత్త వంగడాలు

2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ జన్యు సవరణతో తయారైన రెండు వరి వంగడాలను ప్రకటించారు. అప్పటినుంచి వాటి మీద చర్చ ఆగలేదు. ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ తయారుచేసిన డీఆర్ఆర్ ధాన్ 100, ముద్దుపేరు 'కమల'. రెండోది ఢిల్లీ పూసా సంస్థ తయారుచేసిన పూసా డీఎస్టీ రైస్ 1. పేర్లు కొత్తవే కానీ వాటి పుట్టిల్లు మన నేలే. కమలకు మూలం బాపట్ల వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన సాంబా మసూరి, అంటే మన బీపీటీ 5204. పూసా వరికి మూలం మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన ఎంటీయూ 1010, రైతుల నోట కాటన్‌దొర సన్నాలు.

విత్తన హక్కు చివరికి ఎవరి చేతికి పోతుంది, సవరణకు వాడిన క్రిస్పర్ పద్ధతిపై ఉన్న విదేశీ పేటెంట్ల సంగతేమిటి, క్షేత్ర పరీక్షల లెక్కలు నమ్మదగ్గవేనా అని రైతు సంఘాలూ కొందరు నిపుణులూ అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నలే. పరీక్షల వివరాలన్నీ జనం ముందు పెట్టడం ఒక్కటే వాటికి సరైన జవాబు.

అయితే ఈ గొడవలో ఒక విషయం మరుగున పడిపోయింది. ఈ రెండు వంగడాల్లోనూ శాస్త్రవేత్తలు ముట్టుకున్నది మొక్క లోపలి కబుర్ల వ్యవస్థను. ఎన్ని గింజలు పట్టాలో వెన్నుకు చెప్పే సైటోకైనిన్ అనే హార్మోన్ ఉంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము తాలూకు జన్యువును కమలలో పనిచేయకుండా చేశారు. హార్మోన్ ఎక్కువసేపు నిలుస్తుంది, గింజలు పెరుగుతాయి. పూసా వరిలో కత్తిరించింది డీఎస్టీ అనే జన్యువును. కరువులోనూ చౌడులోనూ ఆకు మీది సన్నటి రంధ్రాలు ఎంత తెరుచుకోవాలి, అసలు ఎన్ని ఉండాలి అన్నది దాని అదుపులోని పని. బయటి సంకేతాన్ని మొక్క ఎలా చదువుకుని ఏం చేస్తుందో తెలిస్తే పంటను కాపాడుకునే దారి దొరుకుతుంది. అలా దారి దొరికిన కథల్లో అన్నిటికంటే గొప్పవి రెండు. మొదటిది నీటిది, రెండోది తెగులుది.

ఊపిరే కబురు

మునిగిన మొక్కకు తాను మునిగానని ఎలా తెలుస్తుంది? నీరు తగిలితే తెలుస్తుందనుకుంటాం. కానీ వరి పుట్టిందే నీళ్లలో. మొదలు చుట్టూ ఎప్పుడూ నీరుంటుంది.

ప్రతి మొక్కా ఇథిలీన్ అనే వాయువును కొద్దికొద్దిగా వదులుతుంది. మామూలప్పుడు అది గాల్లో కలిసిపోతుంది. గాలిలో కంటే నీటిలో వాయువులు ఇంచుమించు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతాయి. మొక్క నిలువునా మునిగితే ఇథిలీన్ బయటకు పోయే దారి ఉండదు, కొన్ని గంటల్లోనే లోపల పేరుకుంటుంది. తన లోంచి వెళ్లాల్సిన వాయువు వెళ్లలేదన్నదే మొక్కకు అందిన వరద కబురు.

ఈ వాయువు గుట్టు మొదట తేలింది రష్యాలో. వీధుల్లో, ఇళ్లలో గ్యాసు దీపాలు వెలిగే రోజులవి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిమిత్రీ నెల్యుబోవ్ అనే విద్యార్థి ప్రయోగశాలలో బఠాణీ మొలకలు పెంచాడు. అవి నిటారుగా కాకుండా పొట్టిగా, లావుగా, పక్కకు పాకుతూ పెరిగాయి. బయటి గాలి సోకిన మొలకలు మాత్రం మామూలుగానే ఉన్నాయి. గదిలో ఉన్న దీపాల గ్యాసులో ఒక్కో పదార్థాన్నీ విడిగా పరీక్షించి, ఈ పని చేస్తున్నది ఇథిలీన్ అని 1901లో ప్రకటించాడు. మొక్క ఒక వాయువుకు ఇంత కచ్చితంగా స్పందిస్తుందని లోకానికి తెలిసింది అప్పుడే.

ఇక వరి సంగతి. లోపల ఇథిలీన్ పేరుకోగానే చాలా వరి రకాలు ఒకే పని చేస్తాయి. జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోన్‌ను రెచ్చగొట్టి, దాచుకున్న పిండిపదార్థాన్ని కరిగించి కాడను సాగదీస్తాయి. బంగ్లాదేశ్, థాయ్‌లాండ్ లోతు నీళ్ల వరి ఈ విద్యలో ఆరితేరింది. నెలల తరబడి నిలిచే నీటితో పాటే పెరుగుతుంది. రోజుకు 20 నుంచి 25 సెంటీమీటర్లు సాగే రకాలు ఉన్నాయి. దీని వెనకున్న రెండు జన్యువులను జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2009లో పట్టుకుని, ఈతగాళ్లు నోట పెట్టుకునే గాలి గొట్టం పేరే, స్నోర్కెల్ అని, పెట్టారు.

కానీ మన డెల్టాల వరద అలాంటిది కాదు. వస్తుంది, వారం పది రోజులు ముంచుతుంది, పోతుంది. అలాంటప్పుడు ఉన్న శక్తినంతా సాగడానికే ఖర్చుపెట్టిన మొక్కకు నీరు లాగేసరికి చేతిలో ఏమీ మిగలదు. అందుకే రైతుకు ఆశ పుట్టించిన ఆ ఆకు కొసలే ముందుగా వాలిపోతాయి.

ధల్‌పుటియా దానం

ఒడిశాలో వరద ఊళ్ల రైతులు పాతకాలం నుంచి ఒక వరిని కాపాడుకుంటూ వచ్చారు. పేరు ధల్‌పుటియా. దాంట్లోంచి ఎంపిక చేసిన వంగడమే ఎఫ్ఆర్ 13ఏ. ఇది నీట మునిగితే సాగదు. రెండు వారాలు మునిగినా కదలకుండా, దాచుకున్నది తగలెయ్యకుండా ఉండిపోతుంది. నీరు లాగాక కొత్త మొవ్వు వేస్తుంది. దిగుబడి తక్కువ, బియ్యం కూడా జనానికి నచ్చేవి కావు. దాన్ని మంచి రకాలతో సంకరం చేస్తే ముంపును ఓర్చే గుణంతో పాటు అక్కర్లేని గుణాలూ వచ్చి పడేవి. దశాబ్దాలు ఇలాగే గడిచాయి.

1996లో అమెరికాలో డేవిడ్ మకిల్, ఆయన విద్యార్థి కెనాంగ్ షూ కలిసి ఈ గుణం వరి తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఒకే చోట కూర్చుని ఉందని చూపించారు. ఆ చోటికి సబ్1 అని పేరు. పామెలా రోనాల్డ్, జూలియా బెయిలీ-సెర్రెస్ బృందాలతో కలిసి అసలు జన్యువును తేల్చి 2006లో ప్రకటించారు. దాని పేరు సబ్1ఏ. ఇథిలీన్ కబురు అందగానే ఈ జన్యువు మేల్కొని, జిబ్బరెల్లిన్ మాట చెల్లకుండా అడ్డుపడుతుంది. మొక్కకు వరద సంగతి తెలుసు. తెలిసే ఆగుతుంది.

ఇప్పుడు దీన్ని ఏ వరిలో పెట్టాలి? ఎంచుకున్నది స్వర్ణను. ఎంటీయూ 7029, మారుటేరు బిడ్డ, 1982లో విడుదలైంది. గోదావరి జిల్లాల్లో పుట్టి ఒడిశా, బెంగాల్, బీహార్, ఉత్తరప్రదేశ్ దాకా పాకిన వరి అది. స్వర్ణ పండించేవాడికి స్వర్ణే కావాలి. గింజ మారకూడదు, రంగు మారకూడదు, కాలపరిమితి మారకూడదు. అందుకే ఎఫ్ఆర్ 13ఏ నుంచి పుట్టిన ఒక వంగడంతో సంకరం చేసి, పుట్టిన పిల్లల్ని మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలుపుతూ, ప్రతి తరంలోనూ డీఎన్ఏ గుర్తులు చూసి సబ్1 ఉన్న మొక్కల్నే ఏరుకుంటూ పోయారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో జరిగిన ఈ పనిపై 2007లో అచ్చయిన పరిశోధన పత్రంలో మొదటి పేరు హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్త సి.ఎన్. నీరజది. స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. ఇందులో జన్యుమార్పిడి లేదు. పాత పద్ధతి సంకరమే, కాకపోతే కళ్లు తెరిచి చేసిన సంకరం.

---

మామిడి గదిలోనూ అదే వాయువు

వేసవిలో వరిగడ్డి పరిచి కాయలు మాగేస్తే జరిగేదీ ఇదే. కాయ వదిలే ఇథిలీన్ గడ్డిలో చిక్కుకుని, పక్క కాయకు 'పండు' అని కబురు చెబుతుంది. ఒక పండు పడితే గంపంతా పండుతుంది.

కాల్షియం కార్బైడ్ పొట్లాలు పెట్టినప్పుడు తేమ తగిలి పుట్టేది ఎసిటలీన్. అది ఇథిలీన్‌లా నటించి కాయను మోసం చేస్తుంది. తొక్క రంగు తిరుగుతుంది కానీ లోపల రుచి రాదు. కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉండొచ్చు. అందుకే పండ్లకు దాని వాడకాన్ని మన దేశంలో నిషేధించారు. గదిలో 100 పీపీఎం మించకుండా ఇథిలీన్ వాయువు పెట్టి మాగబెట్టడానికి మాత్రం ఆహార భద్రతా సంస్థ అనుమతి ఉంది.

---

పల్లపు చేను ఎవరిది?

ఈ వరి కథలో మనసుకు ఎక్కువగా పట్టేది ప్రయోగశాలలో జరిగింది కాదు. 2011లో ఒడిశా భద్రక్, బాలాసోర్ జిల్లాల్లోని 128 గ్రామాల్లో ఆర్థికశాస్త్రవేత్తలు ఒక అధ్యయనం మొదలుపెట్టారు. లాటరీ తీసినట్టు కొన్ని ఊళ్లను ఎంచి, అక్కడి కొందరు రైతులకు 5 కిలోల స్వర్ణ-సబ్1 విత్తనం సంచి ఇచ్చారు. మిగతావాళ్లు ఎప్పటి వరే వేసుకున్నారు. ఆ ఏడాది వరదలు వచ్చాయి. పది రోజులు మునిగిన చేలల్లో స్వర్ణ కంటే స్వర్ణ-సబ్1 సుమారు 45 శాతం ఎక్కువ పండింది.

ఎవరికి ఎక్కువ మేలు జరిగిందో చూస్తే దళిత రైతులకు. కారణం సూటిగా ఉంది. తరతరాలుగా వాళ్ల వాటాకు వచ్చింది ఊళ్లో అందరూ వద్దన్న పల్లపు భూమి. వాన పడితే ముందు మునిగేది అదే, చివరగా నీరు లాగేదీ అదే. ఎరువుల పథకమైనా రుణమాఫీ అయినా సాధారణంగా మెరక చేల వాళ్లకు ముందు అందుతుంది. ఈ విత్తనం మాత్రం ఎవరి చేను మునుగుతుందో వాళ్లకే పనికొచ్చింది. ఒక జన్యువు సామాజిక న్యాయం చేస్తుందని ఎవరూ అనుకుని ఉండరు.

తర్వాతి ఏడాది మరో సంగతి తేలింది. ఈ విత్తనం వేసిన రైతులు ఎరువు కాస్త ఎక్కువ వేశారు, వెదజల్లే బదులు నాట్లు వేశారు, ఎక్కువ భూమి సాగులోకి తెచ్చారు. పంట పోదన్న ధీమా ఉంటే మనిషి పెట్టుబడి పెట్టడానికి వెనకాడడు. ముంపు ప్రాంతాల రైతు వెనకబడి ఉన్నాడంటే అది అతని అజ్ఞానమని రాసే అధికారులు ఈ అధ్యయనాన్ని ఒకసారి చదవాలి.

బ్యాక్టీరియా ఇచ్చిన ఆస్తి

వరద కబురు చెప్పే ఇథిలీన్‌ను మొక్కలో పట్టుకునే గ్రాహకం ఏమిటో చాలాకాలం తెలియలేదు. అమెరికాలోని కాల్టెక్‌లో ఇలియట్ మెయెరోవిట్జ్ ప్రయోగశాలలో కారెన్ చాంగ్ బృందం ఆవాల కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కలో ఆ జన్యువును పట్టుకుంది. 1993లో ఫలితం అచ్చయింది. మొక్కల హార్మోన్లలో మొదట దొరికిన గ్రాహకం ఇదే. దాని అమరిక చదివినవాళ్లు ఆశ్చర్యపోయారు. అచ్చం బ్యాక్టీరియా వాడే పరికరంలా ఉంది.

బ్యాక్టీరియాకు ఈ పరికరం రెండు ప్రొటీన్ల జత. మొదటిది పొరలో కూర్చుని బయటి సంగతి పసిగడుతుంది. ఉప్పు పెరిగిందా, భాస్వరం తగ్గిందా, ఆక్సిజన్ ఉందా. తెలియగానే తన మీద ఒక ఫాస్ఫేట్ తగిలించుకుని రెండోదానికి అందిస్తుంది. రెండోది వెళ్లి తగిన జన్యువులను మేల్కొలుపుతుంది. మన పేగుల్లో ఉండే ఈ-కోలై అనే సాధారణ బ్యాక్టీరియాలోనే ఇలాంటి జతలు ముప్ఫై దాకా ఉన్నాయి. కోట్లాది ఏళ్ల కిందట నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా ఒక జీవకణంలో చేరి, పోను పోను ఆకుల్లోని పత్రహరిత రేణువుగా మారింది. అది వస్తూ వస్తూ ఈ పరికరాన్ని కూడా మొక్క ఇంటికి తెచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఎర్రటి వెలుగును గుర్తుపట్టే ఫైటోక్రోమ్‌దీ ఇలాంటి కథే. మొక్కల్లో 1959లో దొరికింది, 1990ల్లో దాని చుట్టాలు బ్యాక్టీరియాలో బయటపడ్డాయి.

బ్యాక్టీరియా తెలివి ఏపాటిదో చూడాలంటే ఈ-కోలై ఈత చూడాలి. ఒంటి పొడవు మిల్లీమీటరులో 500వ వంతు. అంత చిన్న ఒంటికి ముందూ వెనకా తేడా కొలవడం కుదరదు. అందుకని ఒక సెకను పాటు తిన్నగా ఈదుతుంది, సెకనులో పదో వంతు పాటు గిర్రున దొర్లి దిక్కు మార్చుకుంటుంది, మళ్లీ ఈదుతుంది. ఈదేటప్పుడు ఇప్పటి రుచిని కొన్ని క్షణాల కిందటి రుచితో పోల్చుకుంటుంది. తీపి పెరుగుతోందంటే దొర్లడం వాయిదా వేస్తుంది. చీకట్లో పనసపండు వాసన పట్టుకుని నడిచే మనిషి చేసేదీ ఇదే. వాసన పెరిగితే ముందుకు, తగ్గితే పక్కకు. 1972లో హోవర్డ్ బెర్గ్, తానే తయారుచేసుకున్న వెంటాడే సూక్ష్మదర్శినితో, ఒక్కో బ్యాక్టీరియా వెనకాలే వెళ్లి ఈ ఈతను నమోదు చేశాడు. మెదడు లేని జీవికి జ్ఞాపకం ఉందని అలా రుజువైంది.

ఆకులో దూరిన శత్రువు

ఇదే తెలివి పంటకు శత్రువైతే ఎలా ఉంటుందో ఎండాకు తెగులు వచ్చిన చేను చూస్తే తెలుస్తుంది. గాలీవానా వచ్చి వెళ్లిన వారం పది రోజులకు ఆకు కొసల నుంచి అంచుల వెంబడి పసుపు చారలు అలలు అలలుగా దిగుతాయి. ఆ తర్వాత గడ్డి రంగు. దూరం నుంచి చూస్తే చేను నిప్పు తగిలి కమిలినట్టుంటుంది. యూరియా దండిగా పోసిన మడిలో మరీ ఎక్కువ. 1884లో జపాన్‌లోని ఫుకువోకాలో మొదట గుర్తించిన ఈ తెగులుకు కారణం జాంథోమొనాస్ ఒరైజే అనే బ్యాక్టీరియా.

ఆకు అంచుల్లో తెల్లవారుజామున నీటి బొట్లు కారే సన్నటి రంధ్రాలు ఉంటాయి. అవే దీనికి ద్వారాలు. లోపలికి వెళ్లాక తొందరపడదు. అది డీఎస్ఎఫ్ అనే కొవ్వు ఆమ్లాన్ని వదులుతుంది. ఒక్కటే ఉన్నప్పుడు ఆ పదార్థం చెదిరిపోతుంది. సంఖ్య పెరిగితే పేరుకుంటుంది. ఒక స్థాయి దాటాక మన బలగం చాలు అని ప్రతి కణానికీ తెలిసిపోయి, దాడికి కావాల్సిన జన్యువులన్నీ ఒక్కసారి మేల్కొంటాయి. ఈ సంకేతానికీ, ఆకులో అరుదుగా దొరికే ఇనుమును బ్యాక్టీరియా సంపాదించుకోవడానికీ సంబంధం ఉందని హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చూపించారు.

మొక్క కూడా చూస్తూ ఊరుకోదు. బ్యాక్టీరియా కణాల గోడల్ని కొరకడానికి ఎంజైములు వదులుతుంది కదా, ఆ విరిగిన గోడ ముక్కల్నే ప్రమాద సంకేతంగా చదువుకుని వరి తన రక్షణను సిద్ధం చేస్తుందని హైదరాబాద్‌లోనే ఉన్న మరో పరిశోధన సంస్థ సీసీఎంబీలో రమేశ్ సొంటి బృందం తేల్చింది. అప్పుడు బ్యాక్టీరియా మరో ఎత్తు వేస్తుంది. సూదిలాంటి నిర్మాణంతో తన ప్రొటీన్లను నేరుగా మొక్క కణంలోకి ఎక్కించి ఆ రక్షణను అణచేస్తుంది. అంతటితో ఆగదు. ఆ ప్రొటీన్లలో కొన్ని మొక్క డీఎన్ఏలో ఒక నిర్దిష్టమైన చోట వాలి, చక్కెరను కణం బయటికి పంపే ద్వారం తాలూకు జన్యువును తెరిపిస్తాయి. మొక్క చేతే మొక్క చక్కెరను ధారపోయిస్తాయి! ఇంత లోతైన దొంగతనం ప్రకృతిలో మరొకటి ఉందేమో కానీ, నా వరకు ఇంతకు మించింది చదవలేదు.

---

గాజుగ్లాసు పరీక్ష

ఆకు ఎండడానికి కారణం బ్యాక్టీరియానో కాదో చేలోనే తెలుసుకోవచ్చు. పచ్చా పసుపూ కలిసే చోట ఆకును కత్తెరతో ముక్కగా కోసి, గాజుగ్లాసులో తేటనీళ్లు పోసి అందులో ఉంచాలి. కొద్ది నిమిషాల్లో కోసిన అంచు నుంచి పాలపోగుల్లా తెల్లటి ద్రవం సన్నగా నీటిలోకి దిగితే అది బ్యాక్టీరియా. అలా రాకపోతే కారణం వేరే ఉండొచ్చు, వ్యవసాయాధికారికి చూపించాలి.

తెగులు తేలితే ముందు చేయాల్సింది యూరియా ఆపడం. ఆ మడి నీరు పక్క మడిలోకి పారకుండా చూడాలి. తడి ఆకుల్లో తిరగొద్దు.

---

మాలి అడవి వరి, బాపట్ల సన్నం

పశ్చిమాఫ్రికాలోని మాలి దేశపు ఒక అడవి వరికి ఈ తెగులు అంటేది కాదు. ఆ గుణాన్ని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి సంస్థలో సాగు వరిలోకి తెచ్చారు. దాని వెనకున్న ఎక్స్ఏ21 అనే జన్యువును 1995లో వేరుచేసింది పామెలా రోనాల్డ్ బృందమే. ముంపు కథలో కనిపించిన ఆవిడే ఇక్కడా ఉన్నారు. కణం ఉపరితలం మీద కాపలా ఉండే గ్రాహకం అది. బ్యాక్టీరియా తాలూకు గుర్తును పట్టుకోగానే లోపలికి హెచ్చరిక పంపుతుంది.

ఆ గుర్తు ఏమిటన్న దగ్గర ఒక మలుపు ఉంది. ఫలానా ప్రొటీనే ఆ గుర్తు అని రోనాల్డ్ ప్రయోగశాల 2009లో ప్రకటించింది. తర్వాత చేరిన పరిశోధకులు అవే ప్రయోగాలు మళ్లీ చేస్తే ఫలితం రాలేదు. వెతికితే నమూనాల్లో బ్యాక్టీరియా రకాలు తారుమారయ్యాయని బయటపడింది. 2013లో ఆవిడ తన పత్రాలను తానే వెనక్కి తీసుకున్నారు. మళ్లీ మొదటినుంచి పని చేసి, 2015లో అసలు గుర్తు రాక్స్‌ఎక్స్ అనే చిన్న ప్రొటీన్ అని తేల్చారు. సైన్స్ మీద నమ్మకం పెరిగేది ఇలాంటి వాళ్ల వల్లే.

సాంబా మసూరికి ఈ తెగులంటే తట్టుకునే శక్తి లేదు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన ఆ సన్నబియ్యం మన పెళ్లి విందుల్లోకీ, అమెరికాలో తెలుగువాళ్లు కొనుక్కునే సోనా మసూరి సంచుల పక్కకీ చేరింది కానీ, చేలో తెగులు వస్తే మాత్రం చేతులెత్తేసేది. సీసీఎంబీ, హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ చేతులు కలిపి దానిలోకి మూడు జన్యువులను సంకరంతోనే తెచ్చాయి. వరి సంస్థ వైపు నుంచి ఆర్.ఎం. సుందరం, సీసీఎంబీ నుంచి రమేశ్ సొంటి ఆ పనిలో ముఖ్యులు.

మూడు జన్యువులూ మూడు వేర్వేరు చోట్ల శత్రువును అడ్డుకుంటాయి. ఎక్స్ఏ21 కాపలా గ్రాహకం. ఎక్స్ఏ13 ఉన్న మొక్కలో, బ్యాక్టీరియా ప్రొటీను వాలాల్సిన చోటు కొద్దిగా మారిపోయి ఉంటుంది కాబట్టి చక్కెర ద్వారం తెరుచుకోదు. బంగ్లాదేశ్ వైపు ఆస్ వరి రకాల్లో కనిపించే ఎక్స్ఏ5, ఆ ప్రొటీనుకు మొక్క లోపల సాయం అందకుండా చేస్తుంది. ఒక అడ్డును దాటే కొత్త బ్యాక్టీరియా పుట్టినా మూడింటినీ ఒకేసారి దాటడం కష్టం. ఇంప్రూవ్డ్ సాంబా మసూరి పేరుతో ఇది 2008లో విడుదలైంది. గింజ అదే, వంట అదే.

విత్తనం ముందు, మందు తర్వాత

బ్యాక్టీరియా తెగులుకు చేలో చల్లి నయం చేసే మందు గట్టిది ఏదీ లేదు. అయినా తెగులు కనబడగానే మందుల షాపుకు పరుగెత్తడం, ఇచ్చింది పట్టుకొచ్చి కొట్టడం ప్రతి సీజన్‌లోనూ చూస్తున్నాం. తట్టుకునే విత్తనం పదిహేనేళ్ల పైనుంచి ప్రభుత్వ సంస్థల దగ్గర ఉంది. పైగా దాని బియ్యం గ్లైసీమిక్ సూచిక 51 దగ్గరే ఉందని పరీక్షల్లో తేలింది కాబట్టి మధుమేహం ఉన్నవాళ్లూ అడుగుతున్నారు. అది ప్రతి మండలంలో, ప్రతి రైతుకూ అడిగిన రోజు దొరికేలా చేయడం ప్రభుత్వాల బాధ్యత. కొత్త వంగడాల ప్రకటనలకు ఉన్న ఉత్సాహం, ఉన్న మంచి వంగడాన్ని పల్లెకు చేర్చడంలోనూ ఉండాలి.

ఇంకొక మాట. సబ్1ఏ ఇచ్చింది ఒడిశా రైతులు నిలబెట్టుకున్న ధల్‌పుటియా. ఎక్స్ఏ21 ఇచ్చింది ఎవరూ నాటని మాలి అడవి వరి. గడ్డికుచ్చు వైరస్ ఆసియా వరిని పట్టి పీడించినప్పుడు వేలకొద్దీ నమూనాలు వెతికితే పనికొచ్చింది ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన నివ్వరి అనే అడవి వరి ఒక్కటే. ఆ నివ్వరి మన చెరువు అంచుల్లో, బోదెల్లో కూడా మొలుస్తుంది. దాన్ని కలుపు అని పీకేస్తున్నాం, చెరువులనే పూడ్చేస్తున్నాం. ఏ నీటిని, ఏ చౌడును, ఏ తెగులును గుర్తుపట్టే విద్య అందులో దాగి ఉందో ఇంకా ఎవరూ చదవలేదు.

మీ ఊళ్లో ముంపుకో తెగులుకో ఆగిన పాత వరి ఎవరి దగ్గరైనా ఉంటే, ఓ రెండు గుప్పెళ్ల గింజలు మారుటేరుకో, బాపట్లకో, రాజేంద్రనగర్‌కో చేర్చండి. ఏ ఊరిది, ఎవరు ఎన్నాళ్లుగా పండిస్తున్నారు అన్న వివరాలు ఒక కాగితం మీద రాసి సంచిలో పెట్టండి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద ఆ రకాన్ని రైతు తన పేరునే నమోదు చేయించుకోవచ్చు.